చేతులు కట్టుకున్న మాటలు

పసిపిల్లల విషయంలో ఆటబడి పెద్ద టీచరు పొరబడిందన్న మాట ఇంతవరకు పుట్టలేదు, ఇక పుట్టదు కూడా. గుండెమీద చెయ్యి వేసుకొని చెబుతున్నాను. ఆవిడ చెవులు మామూలు చెవులు కావు. గుమ్మం అవతల చెప్పుల చప్పుడు వినబడితే చాలు, వచ్చేది ఎవరి పిల్లో, పాలు తాగి వచ్చిందో అలిగి వచ్చిందో, దారిలో ఎక్కడెక్కడ చతికిలబడిందో లోపలి నుంచే చెప్పేసేది. ఏడుపు విని అది పంటి నొప్పో, కడుపు నొప్పో, పక్కవాడి బొమ్మ మీద పడ్డ కన్నో తేల్చేసేది. ఒకసారి అటక మీద పిల్లి ఈనితే కింద నిలబడి చెవి ఒగ్గి కూనలు ఎన్నో చెప్పిందట. నిచ్చెన వేసి చూస్తే లెక్క సరిపోయిందట. నమ్మకం కుదరనివాళ్ళు వెళ్ళి ఆ పిల్లిని అడగవచ్చు.

అలాంటి మనిషి సోమవారం పొద్దున తన గదిలో, తన కుర్చీలో, మరిది బల్ల మీద పరిచిన పటం ముందు మాట రాక కూర్చుంది.

మరిది అంటే చెల్లెలి మొగుడు. పిల్లల సేవల కార్యాలయంలో లెక్కలు చూసే ఉద్యోగం. ఏ పేటలో పిల్లలు బరువు తక్కువున్నారు, ఎవరికి టీకాలు పడలేదు, ఎవరికి మాటలు ఆలస్యమవుతున్నాయి అన్నీ పటాల మీద రంగు చుక్కలుగా అంటించి చూపిస్తాడు కాబట్టి ఊరంతా అతన్ని చుక్కలాయన అంటుంది. ఇంట్లో దుప్పటి మీద మరక కనబడినా ఉతకనివ్వడని, చుట్టూ పెన్సిలుతో గీత గీసి ఎటువైపు పాకుతుందో చూద్దామంటాడని చెల్లెలి ఫిర్యాదు.

ఆ పటం మీద పేట మొత్తం ఉంది. ఆటబడికి వచ్చే మూడు నాలుగేళ్ళ పిల్లలకు కిందటి నెలలో బొమ్మల అట్టలతో మాటల పరీక్ష పెట్టారు. అట్ట చూపించాలి, అందులో ఏముందో ఏం జరుగుతోందో పిల్ల చెప్పాలి. చెప్పినవాళ్ళ ఇళ్ళ మీద ఆకుపచ్చ చుక్క. చెప్పలేనివాళ్ళ ఇళ్ళ మీద ఎర్రచుక్క. పేటంతా పచ్చగా ఉంది. మిల్లు సందు ఒక్కటే ఎవరో దానిమ్మ గింజలు ఒలకబోసినట్టు ఎర్రగా ఉంది.

ఎర్రచుక్కల పిల్లలను బజారు అవతల ఉన్న ప్రత్యేక గదికి మార్చాలని కార్యాలయం అనుకుంటోందని, పొద్దున్నే వ్యాను వచ్చి ఎక్కించుకుపోతుందని, శుక్రవారం పేట సంఘం కూర్చొని కాగితం మీద సంతకాలు పెడితే సరిపోతుందని చుక్కలాయన నెమ్మదిగా చెప్పాడు. పెద్ద టీచరుకు ఆ గది తెలుసు. కిటికీ పిల్లల తలల కంటే ఎత్తులో ఉంటుంది. గోడ వారగా కూర్చోబెట్టిన పిల్లలు, మధ్యలో కునికే ఒక ఆయా. అక్కడికి వెళ్ళిన పిల్ల మళ్ళీ తిరిగి వచ్చి మామూలు పిల్లలతో ఆడుకోవడం ఆమె చూడలేదు.

"ఈ చుక్కలు ఇంట్లో కూర్చొని నీకు తోచినట్టు అంటించావా మరిదీ?" అంది.

"అంటించింది నేను. పరీక్ష పెట్టింది మీరు, వదినా."

అది నిజమే. ఆమే పెట్టింది. మిల్లు సందు పిల్లలు అట్ట వంక చూశారు, ఆమె వంక చూశారు, పెదవులు బిగించి నిలబడ్డారు. ఒద్దికైన పిల్లలు, సిగ్గు ఎక్కువ అనుకుంది. మనసులో మాట చెప్పాలంటే, గోల చెయ్యని పిల్లలని వాళ్ళంటే ఆమెకు కాస్త ముచ్చట కూడా. ఆ ముచ్చటే ఇప్పుడు ఎర్రగా బల్ల మీద పడి ఉంది.

ఈ లెక్కలు చించి పారెయ్యమంది. చుక్కలాయన చించలేదు, కోపం తెచ్చుకోలేదు. కళ్ళజోడు తుడుచుకొని, చుక్కలు పేటంతా చెదిరి ఉంటే అది ఆ పిల్లల సంగతి అయ్యేదని, ఇలా ఒకే చోట గుంపు కడితే మాత్రం అది ఆ చోటు సంగతి కావచ్చని అన్నాడు. ఆ చోట ఏముందో చూడకుండా పిల్లలను మోసుకుపోవడం తనకూ ఇష్టం లేదన్నాడు. రేపు తనతో మిల్లు సందుకు వస్తారా అని అడిగాడు.

ఆటబడి నుంచి మిల్లు సందుకు రెండు వీధులు దాటితే చాలు. అయినా పెద్ద టీచరు ఇన్నేళ్ళలో ఎన్నడూ ఆ సందు లోపలికి వెళ్ళలేదు. తల్లులే పిల్లలను తీసుకొచ్చి దించేవాళ్ళు. ఆవిడ చెవులకు అంత దూరం అవసరం పడలేదు.

మంగళవారం ఆటబడి వదిలాక ఇద్దరూ బయలుదేరారు. సందు మలుపు తిరగకముందే మిల్లు దగ్గరపడిందని నేల చెప్పింది. అరికాళ్ళ కింద సన్నటి వణుకు మొదలై మోకాళ్ళ దాకా పాకింది. మేస్త్రీ తలుపు తెరవగానే చప్పుడు వచ్చి మీద పడింది. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా మరమగ్గాలు. పడుగు దారాల మధ్య నుంచి నాడెలు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు దూసుకుపోతున్నాయి. ప్రతి దెబ్బకూ బట్ట ఒక్క పోగు మేర పెరుగుతోంది. పెద్ద టీచరు మరిదితో ఏదో అంది. తన మాట తనకే వినబడలేదు. ఇన్నేళ్ళుగా నమ్ముకున్న రెండు చెవులూ గుమ్మం దగ్గరే రాజీనామా ఇచ్చాయి.

గత్యంతరం లేక కళ్ళతో చూడడం మొదలుపెట్టింది.

ఒక మగ్గం దగ్గర పోగు తెగింది. అక్కడి ఆవిడ మగ్గం ఆపి, తెగిన రెండు కొసలూ వెతికి పట్టి, చూపు అటు ఉంచకుండానే ముడి వేసింది. వేస్తూనే రెండో వరసలో ఉన్నావిడ వైపు తిరిగి బొటనవేలి మీద చూపుడువేలు తిప్పింది. నాడెలోని నూలు కండె అయిపోయిందట. అవతలి ఆవిడ కొత్త కండె విసిరి, చెంప కింద అరచెయ్యి పెట్టి తల వాల్చి, మేస్త్రీ వైపు కనుబొమ ఎగరేసింది. రాత్రంతా కాపలా కాశాడు కదా, ఇప్పుడు నిలబడే నిద్రపోతున్నాడని. నవ్వు ఒక వరస నుంచి ఇంకో వరసకు చేతుల మీదుగా పాకింది. పాకుతూ పాకుతూ వచ్చిన ఇద్దరి దగ్గరికీ చేరింది. ఒకావిడ వేళ్ళతో గుండ్రటి కళ్ళజోడు పెట్టుకొని గాలిలో చుక్కలు అంటించింది. ఇంకొకావిడ నెత్తి మీద కొప్పంత గుప్పిట పెట్టుకొని, నడుం మీద చెయ్యి వేసి బిగుసుకు నిలబడింది. ఆ ముక్క మాత్రం ఎవరూ విడమర్చి చెప్పకుండానే పెద్ద టీచరుకు అర్థమైంది.

కొప్పు పెట్టింది దారాలక్క. తెగిన పోగులు ముడివెయ్యడంలో ఆ మిల్లులో ఆవిడ తరవాతే ఎవరైనా, అందుకని ఆ పేరు. ఆటబడిలో మిడత అని పిలుచుకునే నాలుగేళ్ళ పిల్లకు తల్లి. విరామంలో బయటికి వచ్చి, ఏమీ ఎరగనట్టు నమస్కారం చేసి, ఇద్దరినీ సందులోకి తీసుకువెళ్ళింది. ఇళ్ళన్నీ మిల్లు గోడకు వీపులు ఆనించి ఉన్నాయి. అలమరలో పెట్టిన గ్లాసులు ఆ అదురుకు వాటంతట అవే అంచు దాకా జరుగుతాయట, రోజూ వెనక్కి నెట్టుకోవాలట. అరిచి గొంతు పోగొట్టుకోవడం ఎందుకని మిల్లులో నేర్చిన చేతి మాటలే ఇళ్ళలోనూ మాట్లాడుకుంటారట. ఆ సందులో మొగుడూ పెళ్ళాలకు తగువు వస్తే ముందు చేతుల్లో ఉన్న సామానంతా కింద పెడతారట. చేతులు ఖాళీ లేకపోతే తిట్టడం కుదరదు కదా.

దారాలక్క ఇంటి మెట్ల మీద పిల్లలు ఉన్నారు. ఎర్రచుక్కల పిల్లలందరూ అక్కడే ఉన్నారు. మధ్యలో మిడత నిలబడి ఉంది. నిలబడడమంటే మరీ నిలబడడం కాదు, ఆ పిల్ల కాళ్ళు ఎప్పుడూ ఎగరడానికే ఉన్నట్టుంటాయి.

మిడత రెండు గుప్పిళ్ళు ముందుకు చాచి చక్రం తిప్పింది. ఒళ్ళంతా బరువుగా ఊగించింది. లారీ. బట్టల మూటలతో నిండిన లారీ. తల వాల్చి కళ్ళు మూసి, ఉలిక్కిపడి తెరిచి, మళ్ళీ మూసింది. డ్రైవరుకు నిద్ర. నుదుటికి రెండువైపులా వేళ్ళు నిలబెట్టింది. మేక. మేక లారీ ఎక్కింది. దవడ పక్కకు జరిపి జరిపి నమిలింది. మేక నోట్లో బట్ట కొస చిక్కింది, మేక దూకింది, బట్ట విప్పుకుంటోంది. మిడత రెండు చేతులతో ఆ కనబడని బట్టను లాగుతూ మెట్లు దిగింది, సందు పొడవునా వెళ్ళింది, ఆ బట్ట ఎంతకీ అవ్వలేదు. ఒక పిల్ల పొట్ట పట్టుకొని వెనక్కి పడిపోయింది. ఇంకో పిల్లవాడు లేచి, అది మేక కాదు ఆవు, అంత బట్ట తినాలంటే మేక పొట్ట చాలదని చేతులు వెడల్పు చేసి వాదించాడు. మిడత వెనక్కి వచ్చి వాడి రెండు చేతులూ పట్టుకొని ఒంటికి ఆనించి నొక్కింది. వాడు ఊరుకున్నాడు.

పెద్ద టీచరు అక్కడే గోడకు ఆనుకుంది. చుట్టూ మిల్లు దడదడలాడుతూనే ఉంది, ఆ పిల్లల దగ్గర మాత్రం గాలి నిండా మాటలు. అడ్డు తగలడం ఉంది, వాదన ఉంది, ఎగతాళి ఉంది, తరవాత ఏమైంది అనే ఆత్రం ఉంది. ఇన్నేళ్ళు పిల్లల మధ్య బతికి ఇంత పెద్ద సంతను తను ఒక్కసారీ చూడలేదు. ఒళ్ళు జలదరించింది. ఎవరో గుడ్డ కప్పిన దీపం మీద గుడ్డ తీసినట్టుంది.

అంతలోనే ఇంకో సంగతి తట్టింది. ఇక్కడ ఒకరి నోరు మూయించాలంటే చేతులు పట్టుకుంటారు. ఆటబడిలో ఆమె నేర్పే మొదటి పాఠం ఏమిటి? లేచి నిలబడు, చేతులు కట్టుకో, అప్పుడు జవాబు చెప్పు.

పరీక్ష కూడా అలాగే పెట్టింది.

ఇప్పుడు నేను మొదట్లో చెప్పిన మాటను కాస్త దిద్దుకోవాలి. పెద్ద టీచరు ఎన్నడూ పొరబడలేదని కదా అన్నాను. ఒక్కసారి పొరబడిందని చదువుకోండి. పిల్లి కూనల లెక్కకు మాత్రం ఇంకా కట్టుబడే ఉన్నాను.

బుధవారం ఆటబడిలో మళ్ళీ అట్టలు బయటికి తీశారు. చెప్పేది అర్థం చేసుకోవడానికి దారాలక్కను రమ్మన్నారు. ఒక పూట పని పోగొట్టుకొని వచ్చింది. పెద్ద టీచరు ఈసారి కుర్చీ ఎక్కలేదు. చాప మీద కూర్చొని, మొదటి పిల్లవాడు అలవాటుగా చేతులు కట్టుకోబోతే, వాటిని తనే విడదీసి వాడి ఒళ్ళో పెట్టింది. వాడు అమ్మమ్మ వయసు మనిషి ఇలా చెయ్యడం నమ్మలేనట్టు చూశాడు.

గొడుగు అట్ట చూపించింది. పేటలో మిగతా పిల్లలు దాన్ని చూసి 'గొడుగు' అని ఊరుకున్నారు. ఈ పిల్లవాడు గుప్పిట పైకెత్తి విప్పాడు, గాలికి అది తిరగబడినట్టు మణికట్టు వంచాడు, చొక్కా పిండుకున్నాడు, ఇంటికి వెళ్ళి వీపు మీద ఒకటి తిన్నాడు. వీళ్ళ నాన్న గొడుగండీ, కిందటి వానలో విరగ్గొట్టాడు అని దారాలక్క నవ్వాపుకుంటూ చెప్పింది. ఒక్కొక్కరూ వస్తుంటే ఆ గది నిండిపోయింది. చెంచా చూపిస్తే చెంచా దాచిపెట్టిన ముసలమ్మ వచ్చింది. బస్సు చూపిస్తే బస్సు తప్పిపోయిన మామయ్య పరిగెత్తుకొచ్చాడు. చుక్కలాయన ఒక పక్క కూర్చొని చేతి మాటలు ఒక వైపు, నోటి మాటలు ఒక వైపు లెక్క వేసుకుంటూ చెమటలు కక్కాడు.

సాయంత్రానికి పటం మీద ఎర్రచుక్కలు లేవు. పెద్ద టీచరు స్వయంగా గోటితో ఊడదీసి ఆకుపచ్చవి అంటించింది. ఆమెకు ఒళ్ళు తేలిపోతున్నట్టుంది. శుక్రవారం సంఘం ముందు ఏం మాట్లాడాలో అప్పుడే పెదవులు కదుపుకుంటోంది.

"చూశావా మరిదీ, నీ చుక్కలకు బుద్ధొచ్చింది" అంది.

ఇలాంటప్పుడు వదినకు నాలుగు మాటలు అంటించకుండా ఊరుకునే రకం కాదు చుక్కలాయన. ఆవేళ ఊరుకున్నాడు. కొత్త కాగితం ఒకటి ఆమె వైపు తిప్పాడు. పైకి వెళ్ళేకొద్దీ చేతి మాటలు ఎక్కువ, కుడి పక్కకు వెళ్ళేకొద్దీ నోటి మాటలు ఎక్కువ. మిల్లు సందు పిల్లల చుక్కలన్నీ తేనెటీగల్లా ఒక చోట ముసురుకొని ఉన్నాయి. చేతులతో బాగా మాట్లాడినా అందరికీ నోటి మాటలు కూడా కొద్దోగొప్పో ఉన్నాయి. ఒకే ఒక్క చుక్క అందరి కంటే పైన, ఎడమ అంచుకు అంటుకొని, ఒంటరిగా ఉంది.

ఆ చుక్క మిడతది. చేతి మాటల్లో ఆ పిల్లను మించినవాళ్ళు లేరు. నోటి మాట ఒక్కటి లేదు.

సిగ్గు అయి ఉంటుందంది పెద్ద టీచరు.

"సందంతా కూడగట్టి మేక కథ చెప్పిన పిల్లకా వదినా, సిగ్గు?"

ఆమెకు కోపం ముంచుకొచ్చింది. గెలిచిన గెలుపును పూర్తిగా నోట్లో పెట్టుకోకముందే లాక్కుంటున్నాడనిపించింది. ఆ పిల్ల నెలల తరబడి తన ఎదురుగా తిరుగుతోందని, పేరు పిలిస్తే లేస్తుందని, పాటకు చప్పట్లు కొడుతుందని, తన చెవులకు తెలియని సంగతి ఈ కాగితానికి ఎలా తెలిసిందని దులిపేసింది. చుక్కలాయన అంతా విని, కాగితానికి ఏమీ తెలియదని, అది వేలు పెట్టి ఒక వైపు చూపిస్తుందని, వెళ్ళి చూడవలసింది మనమేనని మాత్రం అన్నాడు. కాగితం అక్కడే వదిలి ఇంటికి వెళ్ళిపోయాడు.

గురువారం పిల్లలు రంగులు పూసుకుంటూ ఉండగా పెద్ద టీచరు వాళ్ళ వెనక నిలబడి స్టీలు పళ్ళెం మీద గరిటతో గట్టిగా కొట్టింది. పిల్లలందరూ తిరిగి చూశారు. మిడత కూడా చూసింది. పెద్ద టీచరు గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. మరిదికి కబురు పెట్టడానికి గుమ్మం దాకా వెళ్ళి అక్కడ ఆగిపోయింది. మిడత తిరిగింది, నిజమే. కాని పక్కపిల్ల తిరిగాక తిరిగింది. కనురెప్ప పాటు తరవాత.

పిల్లలను పెరట్లోకి పంపి, మిడతను ఒక్కదాన్నే చెక్క దిమ్మెల ముందు గోడవైపు ముఖం పెట్టి కూర్చోబెట్టింది. వెనక నుంచి పళ్ళెం కొట్టింది. గంట వాయించింది. మిడత గోపురం మీద ఇంకో దిమ్మె పెట్టి, అది నిలబడుతుందా లేదా అని తల పక్కకు వంచి చూసుకుంటోంది. పెద్ద టీచరు పేరు పెట్టి పిలిచింది. ఏ గొంతుకు పేట పిల్లలందరూ ఉలిక్కిపడి నిలబడతారో ఆ గొంతుతో పిలిచింది. గోపురం ఇంకో దిమ్మె పెరిగింది.

పెద్ద టీచరు ధబ్బున చాప మీద కూలబడింది. మిడత చటుక్కున వెనక్కి తిరిగి నవ్వింది. నేల చెప్పింది ఆ పిల్లకు, వెనక ఎవరో ఉన్నారని.

అప్పుడు ఒక్కొక్కటే విడివడింది. పేర్లు పిలిచేటప్పుడు మిడత తన ముందు పిల్ల కూర్చోగానే లేచేది. పాటలో పక్క చేతులు కలిస్తే తనూ కలిపేది. వరస ఎటు కదిలితే అటు కదిలేది. రోజంతా ఆ చిన్న కళ్ళు ఎంత పని చేశాయో, ఒక్క క్షణం ఏమరపాటు లేకుండా ఆ గదినంతా ఎలా చదువుకున్నాయో తలచుకుంటే పెద్ద టీచరుకు ఏడుపు రాలేదు. పెద్ద పర్వతం ముందు నిలబడితే వచ్చే నిశ్శబ్దం వచ్చింది.

ఒక్కసారి కాదు, రెండుసార్లు పొరబడిందని దిద్దుకోండి. ఆ మాటకొస్తే పిల్లి కూనల సంగతి కూడా ఇప్పుడు నాకు అనుమానంగానే ఉంది.

షిఫ్టు దిగే వేళకు మిల్లు గేటు దగ్గర దారాలక్కను కలిసి, పక్కకు తీసుకువెళ్ళి చెప్పింది. ఎలా చెప్పిందో పెద్ద టీచరుకు తరవాత గుర్తు లేదు. దారాలక్క జుట్టులోని నూలు దూది ఏరుకుంటూ వింది. ఏరడం ఆగలేదు. దూది అంతా అయిపోయాక కూడా వేళ్ళు వెతుకుతూనే ఉన్నాయి.

"మా ఇంట్లో ఎవరి మాట ఎవరికి వినబడుతుందమ్మా?" అంది చివరికి. "పిలవాలంటే భుజం తడతాం. లేకపోతే కాలితో నేల మీద కొడతాం. అది ఒక్కసారికే తిరిగేది. మా పెద్దాడి కంటే ఇదే నయం, మాట వింటుంది అనుకున్నాం."

తరవాత అడగవలసింది అడిగింది. "దీన్నొక్కదాన్నే వ్యాను ఎక్కిస్తారా?"

పెద్ద టీచరు నోటితో జవాబు చెప్పలేదు. ఆ చేతుల భాషలో తనకు అప్పటికి ఒక్క ముక్కా రాదు. దారాలక్క వేళ్ళను జుట్టులోంచి తీసి, రెండు చేతులూ పట్టుకుంది. పట్టుకున్నాక అక్కడ అలా పట్టుకుంటే నోరు మూసుకోమనడమని గుర్తొచ్చి కంగారుగా వదిలేసింది. ఆ కంగారుకు దారాలక్క కన్నీళ్ళలోనే నవ్వింది.

శుక్రవారం సంఘం ఆటబడిలోనే కూర్చుంది. పెద్దలందరూ పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా సర్దుకున్నారు. సంఘానికి అధ్యక్షుడు మందుల షాపు పెద్దాయన. తొందర మనిషి, కాని చెడ్డవాడు కాడు. చేతి మాటల సంగతి పెద్ద టీచరు చెప్పింది. పరీక్ష తప్పుగా పెట్టింది తనేనని కూడా దాచకుండా చెప్పింది. పచ్చబడిన పటం చూసి పెద్దాయన సంతోషించాడు. మిడత సంగతి విని నిట్టూర్చాడు. అయితే మిగతా పిల్లలు ఇక్కడే ఉండవచ్చని, ఆ ఒక్క పిల్ల మేలు కోరి ప్రత్యేక గదికి పంపుదామని కలం తీశాడు. ఆ మాటలో అన్యాయం ఉన్నట్టు గదిలో ఎవరికీ అనిపించలేదు. దారాలక్క గుమ్మం దగ్గర నిలబడి ఆ పెదవుల కదలికనే చూస్తోంది.

పెద్ద టీచరు ఆ చిన్న కుర్చీలోంచి లేవబోయింది. అంతకు ముందే చుక్కలాయన లేచి ఇంకో పటం విప్పాడు. ఇది వదినకు కూడా చూపించలేదు.

అది మిల్లు సందు ఒక్కటే, పెద్దదిగా గీసినది. పిల్లల చుక్కలు ఈసారి ఒకే రంగు, కాని చేతి మాటలు ఎక్కువ ఉన్న కొద్దీ ముదురు, తక్కువ ఉన్న కొద్దీ లేత. ఎవరూ ఏమీ అడగలేదు. చూడగానే కనబడింది. సందు రెండు చివర్లా లేతగా ఉన్న రంగు మధ్యకు వచ్చేకొద్దీ చిక్కబడుతూ చిక్కబడుతూ, ఒక ఇంటి మెట్ల దగ్గర సిరా బుడ్డి ఒలికినట్టుంది.

ఆ మెట్లు దారాలక్క ఇంటివి.

తల్లులు మిల్లులో ఎన్నాళ్ళుగా పనిచేస్తున్నారో దాన్ని బట్టి ఇలా ఉందేమో అని తనకు అనుమానం వచ్చిందని, అడిగి చూస్తే అది కాదని తేలిందని చుక్కలాయన చెప్పాడు. మిల్లులో ఉన్నవి పని మాటలు, హాస్యాలు. మేకలు, లారీలు, తిరగబడిన గొడుగులు, కథను కథగా నడిపే తీరు పిల్లల్లోనే పుట్టాయి. ఎవరు మిడతతో ఎక్కువ ఆడుకుంటారో వాళ్ళ రంగు ముదురుగా ఉంది. ఇది చూసి పూర్తిగా తేల్చెయ్యకండి, వెళ్ళి మెట్ల దగ్గర నిలబడి చూసి అప్పుడు చెప్పండి అని కూడా అన్నాడు. అతని గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. రాత్రి కాగితం మీద ఆ రంగు ఒక్కొక్క ఇల్లే నింపుకుంటూ వెళ్ళి, అది ఎటు చేరుతోందో అర్థమైనప్పుడు బ్రష్షు కింద పెట్టేశానని, చాలాసేపు మళ్ళీ పట్టుకోలేకపోయానని చెప్పాడు.

మందుల షాపు పెద్దాయన కళ్ళజోడు పైకి కిందికి చేసి ఆ మెట్ల వంక చూశాడు. మాట వినబడని పిల్ల. సందు మొత్తానికి మాటలు పంచిపెట్టిన పిల్ల.

అప్పుడు పెద్ద టీచరు లేచింది. "ఆ పిల్లను తీసుకుపోతే ఎర్రబడేది ఒక చుక్క కాదండీ" అంది. "సందంతా."

పెద్దాయన కలానికి మూత పెట్టాడు. మూత పెట్టిన చప్పుడు ఆ గదిలో అందరికీ వినబడింది.

అన్నీ ఆవేళే చక్కబడిపోయాయని చెప్పను. కార్యాలయం మళ్ళీ వచ్చి చూస్తామంది. చెవుల డాక్టరు మిడతను పరీక్షించి, పెద్ద పెద్ద చప్పుళ్ళు ఏ మూలో అందుతుంటే అందవచ్చని, యంత్రం పెడితే కొంత ఉపయోగపడవచ్చు, పడకపోనూవచ్చని చెప్పి, నిజమైన సంజ్ఞల భాష నేర్పే టీచరు చిరునామా రాసిచ్చాడు. మిగతా పిల్లల చెవులకు కూడా ఆ మిల్లు మంచిది కాదని గట్టిగా చెప్పాడు. దాంతో చుక్కలాయనకు ఇంకో పటం పని పడింది, మిల్లు యజమానికి కొత్త తలనొప్పి పట్టుకుంది.

పెద్ద టీచరు మాత్రం శనివారం సాయంత్రమే దారాలక్క ఇంటి మెట్ల కింద వరసలో, నేల మీద కూర్చుంది. నేర్చుకోవడానికి వచ్చింది. మొదట 'మేక' చెప్పబోయింది. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆమె వేళ్ళు పెట్టిన చోటు మేకది కాదు, మేస్త్రీదట. మిడత ఎగిరి వచ్చి ముందు నిలబడింది. ముడతలు పడ్డ ఆ చేతుల్ని తన చిన్న చేతుల్లోకి తీసుకుంది, ఒక్కొక్క వేలే విడదీసి, ఎక్కడ ఉండాలో అక్కడ నిలబెట్టి, కాస్త వెనక్కి జరిగి గోపురం చూసుకున్నట్టు తల వంచి చూసింది. బాగుందని తల ఊపింది. పెద్ద టీచరు కదిలితే చెడిపోతుందేమో అన్నట్టు ఆ వేళ్ళు అలాగే పట్టుకొని కూర్చుంది. చెల్లెలు, మరిది కూడా వెనక మెట్టు మీద చోటు చేసుకున్నారు.

మిడత కొత్త కథ ఎత్తుకుంది. ఆకాశంలోకి పాకే ఒక దారం, దాని కొస పట్టుకొని ఎక్కే ఒక చీమ. చీమ మబ్బుల దాకా చేరేసరికి మిల్లులో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. సందంతా ఊపిరి బిగబట్టింది.

ఇందులో నేను కల్పించింది ఈ ఒక్క ముక్కే. మగ్గాలు ఆగలేదు. ఆ మిల్లు ఎవరి కోసమూ ఆగదు. కథ ఆ చోటికి వచ్చేసరికి నిశ్శబ్దం ఉంటే బాగుంటుందని నేనే ఆపేశాను. అవి ఎప్పటిలాగే గోడలు అదిరేలా దడదడలాడుతూనే ఉన్నాయి. అయినా ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్ళలో ఎవరికీ మిడత చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తప్పిపోలేదు.